ఫోనురాయి మీది సాక్షి

ఒర్ఫెలిండా తింగాల్‌ను పోయినవారం మనం సభా వలయం మధ్యలో, తమ్ముడి పక్కన, ఒంటరిగా వదిలి వచ్చాం.

ఎత్తైన కొండల్లోని చుక్యపంప ఊరికి పోలీసు ఠాణా దూరం, రోందా దగ్గర. పశువుల దొంగల బాధ పడలేక ఊళ్ళన్నీ తమకు తామే ఏర్పరచుకున్న కాపలా అది. దొంగ దొరికినప్పుడు ధర్మం విచారించే సభ కూడా అదే. కనుమ దారిన ఆవులు మాయమవుతున్నాయని పాలకంపెనీ ఉచితంగా ఒక కెమెరా బిగించింది. కంపెనీ ఇంజినీరు రెనాన్ బార్దాలెస్ దానినుంచి ఒకే ఒక చిత్రం తెచ్చి సభ ముందు పెట్టాడు. అందులో మెల్చోరా అనే ముసలమ్మ కపిలావును ఎవరో తోలుకుపోతున్నారు. మొహం కనబడదు, వీపు కనబడుతుంది. వీపు మీద, తల దూర్చి తొడుక్కునే ఉన్ని దుప్పటి, ఎర్రమట్టి రంగు పొంచో, దాని అంచున జంట పచ్చచారలు. ఆ పొంచో నేసింది ఒర్ఫెలిండా. నేసి ఇచ్చింది తన తమ్ముడు సాంతోస్‌కు.

మెడ దగ్గర చిరిగితే కుట్టమని అక్కకే ఇచ్చానని సాంతోస్ చెప్పాడు. ఉతికి కంచె మీద ఆరవేస్తే పోయిందని అక్క చెప్పింది. అక్క మాట అక్క మాటే కదా అని సభ పెదవి విరిచింది. దోషి అని తేలితే సాంతోస్‌కు వెలి. వెలి పడినవాడి నేల ఊరికి చెందుతుంది. ఆ నేలలోనే మంచినీటి ఊట ఉంది. ఆ ఊటను కంపెనీకి ఇవ్వనని ఊళ్ళో మొండికేసిన మనిషి సాంతోస్ ఒక్కడే.

"ఆ రాత్రి తీసిన మిగతా చిత్రాలు కూడా చూపించండి, ముందువీ వెనకవీ," అని ఒర్ఫెలిండా అడిగింది. కంపెనీ నియమాలు ఒప్పుకోవన్నాడు ఇంజినీరు. అప్పుడామె చేతులు జోడించి, "ఎదురుప్రశ్నకు నిలబడని సాక్షి మన సభలో సాక్షి కాదు. అందరికీ జవాబు చెప్పే కన్ను నేను తెస్తాను. గడువివ్వండి," అంది. పెద్దలు వచ్చే మహాసభ దాకా గడువిచ్చారు. అందాకా సాంతోస్‌ను పొరుగు ఊరి రోందాకు అప్పగించారు. రాత్రంతా వాళ్ళతో కాపలా తిరగాలి, పగలు వాళ్ళ కళ్ళ ముందు పడుకోవాలి.

ఇక్కడినుంచి కథ.

ఆదివారం సంత రోజున ఒర్ఫెలిండా బాంబామార్కా పట్నానికి దిగింది. తెల్ల గడ్డిటోపీల సముద్రంలో తానొక టోపీగా కలిసిపోయి, ఫోన్లూ కెమెరాలూ అమ్మే వీధిలో మొదటి కొట్టు ఎక్కింది. కొట్టతను ఉత్సాహవంతుడు. గుండ్రటి తెల్ల కెమెరా ఒకటి తీసి గల్లా మీద పెట్టాడు.

"అమ్మా, ఇది చూడండి. నాలుగు దిక్కులూ తిరుగుతుంది, చీకట్లో చూస్తుంది, మాట్లాడుతుంది కూడా."

"మాట్లాడేదానితోనే నాకు పని. ఎవరితో మాట్లాడుతుంది?"

"మీతోనేనమ్మా!"

"ముందు నాతో మాట్లాడుతుందా? ఇంకెవరితోనో మాట్లాడి, మిగిలింది నాకు చెబుతుందా?"

కొట్టతను పక్కకొట్టు వైపు చూసి కన్ను గీటాడు. "ఇదేం ప్రశ్నమ్మా! కెమెరా కొంటున్నారా, కోడల్ని తెచ్చుకుంటున్నారా?"

"కోడలైతే ఇంత అడగను నాయనా. కోడలికి అలిగే హక్కుంటుంది."

ఆ కెమెరాకు ఇంట్లో ఇంటర్నెట్టు కావాలని తేలింది. చుక్యపంపలో ఇంటర్నెట్టు మాట అటుంచి, ఫోను పలకాలన్నా కనుమ దగ్గరి నల్లరాయి ఎక్కాలి. అందుకే దానికి ఫోనురాయి అని పేరు. లేదంటే ఎదురు గట్టు మీదున్న రోందా ఇంట్లో, పడమటి గోడకు చెవి ఆనించి నిలబడాలి. ఇంకో కొట్లో ఫోను సిమ్ము వేసుకుని దానంతటదే చిత్రాలు పంపే కెమెరా ఉంది. ఒర్ఫెలిండా కళ్ళు వెలిగాయి. కాని తన ప్రశ్న మానలేదు.

"చిత్రం తీశాక ఇది ముందు ఎవరికి చెబుతుంది?"

"కంపెనీ యంత్రానికి వెళ్తుందక్కా. అక్కణ్ణించి మీ ఫోనుకొస్తుంది."

"ఆ యంత్రం ఏ ఊళ్ళో ఉంది?"

"నాకేం తెలుసు? సముద్రం అవతలెక్కడో."

"ఆ కంపెనీ నాకు చూపించనంటే?"

"ఎందుకు చూపించదక్కా?"

"నేనడిగేదీ అదే."

సాయంత్రానికి ఆ వీధంతా ఆమెకు 'ఎవరికి చెబుతుందమ్మ' అని పేరు పెట్టేసింది. పేరు పెట్టినవాళ్ళను చూసి ఆమె నవ్వింది కూడా. వెతుకుడు మాత్రం ఆపలేదు. గడువు లోపల మళ్ళీ దిగింది. సెలెందీన్ పట్నం దాకా వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళినా కళ్ళున్నవి దొరికాయి గాని, నాలుక తమదే అయినవి దొరకలేదు.

ఇంటికి తిరిగి వచ్చినప్పుడల్లా భర్త ఎలాదియో చోలాన్ పొయ్యి ముందు బంగాళాదుంపలు ఒలుస్తూ ఉండేవాడు. నెమ్మదైన మనిషి, పెళ్ళాం కాళ్ళకు వేన్నీళ్ళు పెట్టడానికి సిగ్గుపడని మనిషి.

"ఎందుకే ఈ తిరుగుడు?" అన్నాడు ఒకనాడు. "సాంతోస్ నాలుగు ఊళ్ళు కాపలా తిరిగొస్తే పోయేదేముంది? కొన్నాళ్ళకు జనమే మరిచిపోతారు."

"జనం మరిచిపోతారు. ఊట మాత్రం కంపెనీదవుతుంది. వాడు అన్నంలేక కాదు, పేరు లేక చస్తాడు."

ఎలాదియో పొయ్యి వైపు తిరిగాడు. నిప్పు మండుతూనే ఉన్నా, వంగి ఊదాడు.

దొరకవలసినది చివరికి గుడి చెంతనే దొరికింది. బాంబామార్కా చర్చికి ఒక రేడియో ఉంది. తెల్లవారుజామున జపమాల, ఆ తర్వాత పాల ధర, పోయిన గాడిదల ప్రకటనలు. పూజ అయ్యాక, తమ్ముడి కోసం ఒక ప్రార్థన చదివించమని అడగడానికి ఒర్ఫెలిండా రేడియో మెట్టు ఎక్కింది. అక్కడ ఇనుపస్తంభం మొదట్లో, తీగతో కట్టిన చిన్న పెట్టె ఒకటి కనబడింది. పైన అరచేతి వెడల్పు సౌరఫలకం. ముందు గాజుకన్ను.

స్తంభాన్ని చూసుకునే నేలిదా యామోక్తాంతా అప్పుడే నిచ్చెన దిగుతోంది. ఒర్ఫెలిండా ఆ పెట్టెను వేలితో చూపింది.

"ఇది ఎవరికి చెబుతుందమ్మా?"

నేలిదా నిచ్చెన మీదే ఆగిపోయింది. "ఎన్నాళ్ళకు! ఎంతసేపూ ఎంత పడిందనే అడుగుతారు గాని, ఈ ప్రశ్న అడిగింది మీరే. నాకు చెబుతుంది, ఫాదర్‌కు చెబుతుంది. ఇంకెవరికీ చెప్పదు. తీగలు కోసుకుపోతుంటే పెట్టాం."

"సిమ్ముతోనా?"

"సిమ్ముతోనే. ఇంటర్నెట్టు తీగ అక్కర్లేదు. ఫోను పలికితే చాలు."

"దీని కంపెనీ ఎక్కడ?"

"కంపెనీ లేదక్కా. దీన్ని ఓపెన్ సోర్స్ అంటారు. లోపల ఏ ముక్క ఎక్కడుందో, ఏ ఆజ్ఞ ప్రకారం నడుస్తుందో అంతా బయటపెట్టేశారు. కావలసినవాళ్ళు చదువుకోవచ్చు, చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు. కొండల్లో ఎలుగుబంట్లను లెక్కపెట్టేవాళ్ళు ఎవరో మొదట చేశారట."

ఒర్ఫెలిండా పెట్టె దగ్గరికి వెళ్ళింది. ముట్టుకోలేదు, చేతులు వెనక్కి కట్టుకుని, బజారులో ఎద్దు పళ్ళు చూసేదానిలా చూసింది.

"ఆ భాష నాకు చదవడం రాదు. రాకపోతే మూసినా తెరిచినా నాకొకటేగా?"

నేలిదా మెట్టు మీద కూర్చుంది. జేబులోంచి వేయించిన మొక్కజొన్న తీసి సగం ఆమె చేతిలో పోసింది. "మీ ఊళ్ళో చావింట్లో రాత్రంతా పాడే ఆడవాళ్ళున్నారా?"

"ఉన్నారు. మా అమ్మ పాడేది."

"ఆ పాటలు మీకొచ్చా?"

"వినడమే గాని అన్నీ రావు."

"ఒకామె కావాలని ఒక చరణం మార్చి పాడిందనుకోండి. మీకు తెలియదు. కాని ఏమవుతుంది?"

ఒర్ఫెలిండా మెల్లగా నవ్వింది. "పక్కనున్న ముసలమ్మలు శవాన్ని వదిలేసి దాన్ని పట్టుకుంటారు."

"ఇదీ అంతే. నాకూ అంతా రాదు. నాకు తెలిసిన ముక్క నేను చదివాను, ఇన్‌స్టిట్యూట్ పిల్లలు ఇంకో ముక్క చదివారు, ఎక్కడెక్కడివాళ్ళో మిగతాది చదివారు. ఇంతమంది నోళ్ళలో నలిగినదాంట్లో దొంగచరణం దాక్కోదు."

పదిమంది కంఠంలో ఉన్న మంత్రంలో అక్షరం మారదని వేదం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. తాళం వేసి కాపాడేవి కొన్ని ఉంటాయి. అందరికీ పంచి కాపాడేవి కొన్ని ఉంటాయి. సత్యం ఏ జాతిదో ఒర్ఫెలిండాకు ఆ మెట్టు మీద తెలిసింది.

నేలిదా మాత్రం ఆమెను ఎక్కువసేపు సంబరపడనివ్వలేదు. "ఇది దేవుడి కన్ను కాదక్కా. మంచు కమ్మితే గుడ్డిది. సిగ్నల్ పోతే మూగది. అర్థమైందా? సరే, ఇంకోటి చేసిపెడతాను, ముక్కలున్నాయి. ముందు ఇది చెప్పండి. చిత్రాలు మీ ఫోనుకు పంపమంటారా?"

"నా ఒక్కదానికి వస్తే నేనూ ఆ ఇంజినీరే. రోందాలో ఫోనున్న ప్రతి మనిషికీ పంపు. ఒక్కసారే. నాకు ఒక క్షణం ముందు కూడా వద్దు."

"ఆలోచించుకోండి. ఒకసారి వెళ్ళాక, ఇది నాకు నచ్చలేదంటే వెనక్కి రాదు."

"రాకూడదు."

మహాసభనాటి పొద్దున, మంచు ఇంకా గడ్డి మీద తెల్లగా ఉండగా, ఇద్దరు ఆడవాళ్ళూ ఒక కంచరగాడిదతో కనుమ ఎక్కారు. కంపెనీ కెమెరా ఎత్తైన కర్ర మీద ఎగువనుంచి దిగువకు చూస్తుంది. ఫోనురాయి దానికి ఎదురుగా దిగువన ఉంది. నాచు పట్టిన ఆ రాతి పగులులో కొత్త పెట్టెను ఇరికించి, మీద ఎండుగడ్డి కప్పి, కన్ను మాత్రం వదిలారు. సభనాడు ఊరంతా ఒకచోట చేరుతుంది, దొంగకు అంతకు మించిన పూట లేదు. ఒర్ఫెలిండా సిలువ గుర్తు వేసుకుంది, తనకూ పెట్టెకూ.

ఇంట్లో ఈ మాట ఆమె చెప్పలేదు. అనుమానంతో కాదు. రోందా ఎక్కడ కాపు వేస్తుందో పడకమీది మనిషికి కూడా చెప్పకూడదన్నది ఆ కొండల్లో తాతలనాటి నియమం. చెప్పినవాళ్ళకు సభలో కొరడాదెబ్బలు. పైగా ఎలాదియో తెల్లవారినుంచి చలిజ్వరమని ముసుగుతన్ని పడుకున్నాడు. కషాయం కాచి తలదగ్గర పెట్టింది. దుప్పటి పాదాల మీదకు లాగింది. "సభలో నీ పేరు పిలిస్తే జ్వరమని చెబుతాను, పడుకో," అని నుదురు ముట్టుకుంది. నుదురు చల్లగానే ఉంది. చెమట పట్టి తగ్గి ఉంటుందనుకుంది.

రోందా ఇల్లు నిండిపోయింది. రోందా పెద్ద పేర్లు పిలిచాడు. సభనాడు ఊళ్ళో మనిషి మిగలకూడదు. ఒంట్లో బాగాలేనివాళ్ళకు మాత్రం మినహాయింపు. ఎలాదియో పేరు వచ్చినప్పుడు ఒర్ఫెలిండా లేచి జ్వరమని చెప్పింది. సాంతోస్ పేరు వచ్చింది. బదులు లేదు. పొరుగు ఊరి కాపలావాళ్ళు ఇంకా రాలేదు.

ఇంజినీరు బార్దాలెస్ కుర్చీలోంచి లేవకుండానే గొంతు సవరించుకున్నాడు. "పిలిచి లాభం లేదు పెద్దాయనా. అతను పారిపోయాడు. తెల్లవారుజామున సముద్రతీరం బస్సు ఎక్కుతుంటే మా డ్రైవరు కళ్ళారా చూశాడు."

సభ భగ్గుమంది. ఆవు పోయిన మెల్చోరా టోపీ వెనక్కి నెట్టుకుని ఒర్ఫెలిండా మీదికి తిరిగింది. "విన్నావుటమ్మా? కన్ను తెస్తానన్నావు. నువ్వు కన్ను తెచ్చేలోపు నీ తమ్ముడు కాళ్ళు తెచ్చుకున్నాడు!"

"వాడి కాళ్ళ సంగతి వాడొచ్చాక వాడే చెబుతాడు, పిన్నీ. కన్ను సంగతి నేను చెబుతాను."

ఆమె తన భుజం మీది ఉన్నిశాలువా తీసి నేలమీద పరిచింది. నేలిదా రేడియో స్తంభం దగ్గరి పెట్టెను, కనుమలో ఉన్నదాని తోబుట్టువును, సంచిలోంచి తీసి ఆ శాలువా మీద పెట్టి మరలు విప్పింది. గాజుకన్ను ఒకచోట, సిమ్ము ఒకచోట, ఆకుపచ్చ పలక ఒకచోట. సాక్షి పేగులతో సహా సభ ముందు పరుచుకుంది.

"రండి," అంది ఒర్ఫెలిండా. "దీని తోబుట్టువు ఈ పొద్దునే కనుమలో కూర్చుంది. ఎక్కడ కూర్చుందో మన పెద్దాయనకు చెప్పాను. అది చూసింది మీ అందరి ఫోన్లకూ వస్తుంది. అడగండి దీన్ని. ఏం అడగాలనుంటే అది అడగండి."

ముందు నవ్వులు. ఆ తర్వాత, ఒకరి వెనక ఒకరు, వంగి చూడడం.

"వానలో తడిస్తే జలుబు చేస్తుందా?"

"చేస్తుంది. మూత బాగా బిగించకపోతే చస్తుంది," అంది నేలిదా.

"మా ఆయనలా తాగి వచ్చి ఒకటి రెండుగా చూస్తుందా?"

"మంచులో ఏమీ చూడదు. అప్పుడు చూడలేదనే చెబుతుంది."

"అదీ మా ఆయన కంటే మేలే!"

ఇంజినీరు చప్పట్లు కొట్టాడు. "బాగుంది. బొమ్మల పెట్టెకూ, ప్రపంచమంతా అమ్ముడయ్యే యంత్రానికీ పోలికా? మా కెమెరా అబద్ధం చెప్పలేదు. ఆ చిత్రం నిజమైనది."

రోందా పెద్ద అసున్సియోన్ సంగాయ్ అంతసేపూ తాంబూలంలా కోకా ఆకు నములుతూ కూర్చున్నాడు. ఇప్పుడు కర్రతో శాలువా అంచు తట్టాడు. "నిజమే కావచ్చు ఇంజినీరు గారూ. మేం కాదనలేదు. మీ పెట్టెను కూడా తెచ్చి ఇలా పక్కన పెట్టండి. ఆ రాత్రి ఇంకా ఏం చూసిందో అడుగుతాం."

"కుదరదండి. అది సీలు వేసినది. తెరిస్తే గ్యారంటీ పోతుంది."

"నా ఆవు పోయింది!" అంది మెల్చోరా. "పోతే పోనీ మీ గ్యారంటీ!"

ఆ నవ్వు మధ్యలో తలుపు తెరుచుకుంది. మోకాళ్ళ దాకా బురదతో ఇద్దరు పొరుగు ఊరి కాపలావాళ్ళు, వాళ్ళ నడుమ సాంతోస్. అతని ఒంటిమీద ఎవరో ఇచ్చిన బూడిదరంగు పొంచో, పొట్టిది, మోచేతుల దాకా.

"క్షమించాలి పెద్దాయనా. వాగు దగ్గర కట్ట తెగి దారి మూసుకుపోయింది, చుట్టూ తిరిగి వచ్చాం," అన్నాడు కాపలావాళ్ళలో పెద్దవాడు. "మనిషి అప్పగింత. రాత్రంతా మాతో కాపలా తిరిగాడు. మా కంటే బాగా తిరిగాడు."

అసున్సియోన్ చూపు సాంతోస్ మీదినుంచి మెల్లగా ఇంజినీరు మీదికి వెళ్ళి అక్కడ కూర్చుంది. "సముద్రం త్వరగా వెనక్కి పంపినట్టుందే."

"డ్రైవరు... ఎవరినో చూసి పొరబడి ఉంటాడు," అన్నాడు బార్దాలెస్. మొదటిసారి కుర్చీలో సర్దుకున్నాడు. ఒకసారి కిటికీలోంచి కనుమ వైపు చూశాడు.

అప్పుడు పడమటి గోడ దగ్గర ఒక ఫోను కూసింది. దాని పక్కన ఇంకొకటి. సిగ్నల్ గోడనుంచి గదిలోకి పాకుతున్నట్టు, చిలుకల గుంపు వాలినట్టు, ఒకదాని తర్వాత ఒకటిగా ఫోన్లన్నీ పలికాయి.

"వచ్చింది," అంది నేలిదా.

సభంతా తలలు వంచింది. ఎవరో, "అమ్మ దేవుడా, పొంచో!" అన్నారు. ఎర్రమట్టి రంగు. అంచున జంట పచ్చచారలు. వెంట తాడు, తాడు చివర ఒక చుక్కలావు, కనుమ దిగుతూ. సాంతోస్ బూడిదరంగు పొంచోలో సభ నడుమ నిలబడి ఉన్నాడు. సాంతోస్ పొంచో కనుమలో నడుస్తోంది. ఒక మనిషి రెండుచోట్ల ఉండడం మహర్షులకే చెల్లింది.

"అయితే... నువ్వు కాదురా," అంది మెల్చోరా. ఆమె గొంతు మొదటిసారి చిన్నదయింది. "నువ్వు కాదు నాయనా."

ఒర్ఫెలిండా తమ్ముడి చెయ్యి పట్టుకుంది. గెలిచింది. ఆ గెలుపు చేతిలో పట్టుకునే తన ఫోను తెర వైపు చూసింది.

కంపెనీ కన్ను వెనకనుంచి చూసింది. ఈ కన్ను ఎదురుగా చూసింది. టోపీ కింద మొహం ఉంది.

ఆమె తలెత్తేసరికి సభలో ఒక్కరూ ఆమెను చూడడం లేదు. అందరూ తమ చెప్పుల వైపు, నేల వైపు, శాలువా మీది మరల వైపు చూస్తున్నారు. అందరూ గుర్తుపట్టారు. ఆమె మీది గౌరవంతో అందరూ గుర్తుపట్టనట్టు నిలబడ్డారు.

కళ్ళిచ్చిన దేవుడు వాటి మీద రెప్పలు కూడా ఇచ్చాడు. చూడకుండా ఉండగలిగే వెసులుబాటు మనిషికి అక్కడే ఉంది. మంచు పట్టింది, సరిగ్గా కనబడలేదు అని ఆమె ఒక్క మాట అంటే, ఆ పూటకు సభ ఒప్పుకునేది. తమ్ముడు ఎలాగూ బయటపడ్డాడు. కషాయం గిన్నె, చల్లని నుదురు, మండుతున్న నిప్పును ఊదిన ఊపిరి, అన్నీ ఆమె కళ్ళ ముందు ఒక్కసారిగా వరుసలో నిలబడ్డాయి. కంచె మీద ఆరవేసిన పొంచోను తీసిన చెయ్యి దూరంనుంచి రాలేదు.

అసున్సియోన్ కర్ర పక్కన పెట్టాడు. ఆయన గొంతులో పెద్దరికం కంటే జాలి ఎక్కువ. "తల్లీ, నువ్వు చెప్పనక్కరలేదు. కట్టుకున్నవాళ్ళ మీద సాక్ష్యం చెప్పమని మన రివాజు ఎవరినీ నిర్బంధించదు. నువ్వు కూర్చో. ఇంకెవరైనా చెబుతారు."

"అక్కా, కూర్చో," అన్నాడు సాంతోస్ కూడా.

ఒర్ఫెలిండా కూర్చోలేదు. శాలువా మీద విప్పి పరిచిన పెట్టె దగ్గరికి నడిచి, దాని పక్కన నిలబడింది.

"అందరికీ ఒకేసారి చెప్పమని దీన్ని అడిగింది నేను. నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మూగదైపొమ్మని ఎలా అంటాను?" ఫోనును సభవైపు తిప్పి పట్టుకుంది. తెర కదలకుండా రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకుంది. "పొంచో నేను నేసింది. పొద్దున దుప్పటి కప్పింది నేను. ఇతను ఎలాదియో చోలాన్. నా భర్త. జ్వరమని మీకు చెప్పిందీ నేనే. ఇక అడగండి, ముందు నన్నే అడగండి."

మెల్చోరా లేచి వచ్చి, ఆమె మణికట్టు మీది చెయ్యి తీసి తన చెయ్యి అక్కడ పెట్టింది.

బార్దాలెస్ అప్పటికి టోపీ తీసుకుని లేచాడు. "దొంగ దొరికాడుగా. చాలా సంతోషం. నాకు పట్నంలో పనుంది." తలుపు దగ్గర రోందా ఆడవాళ్ళు అడ్డంగా నిలబడి ఉన్నారు, భుజాన కొరడాలతో.

"కూర్చోండి ఇంజినీరు గారూ," అంది వాళ్ళలో ఒకామె, ఎంతో మర్యాదగా. "సాంతోస్ సభకు రాడని మాకంటే ముందే మీకెలా తెలిసిందో చెప్పలేదు మీరు. వాగు కట్ట తెగిందని తెలిసినవాళ్ళే ధైర్యంగా ఆ అబద్ధం ఆడగలరు కదా."

మళ్ళీ పడమటి గోడ దగ్గర ఫోను కూసింది.

ఈసారి ఒర్ఫెలిండా తెర చూడలేదు. చూసేవాళ్ళ మొహాలు చూసింది. గోడ దగ్గరివాళ్ళ మొహాల మీద కోపం కాదు, ఇంకేదో పాకుతోంది. బార్దాలెస్ తన ఫోను తీసి ఎవరికో చేయబోతే, అసున్సియోన్ కర్ర దాని మీద అడ్డంగా పడింది.

సాంతోస్ పక్కవాడి చేతిలోంచి ఫోను లాక్కుని చూశాడు. "అక్కా, బావ టోపీ తీశాడు. గడ్డి తొలగించాడు. మన పెట్టెనే చూస్తున్నాడు. మోకాళ్ళ మీద ఉన్నాడక్కా." అతను తెరను కంటికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "ఒంటరిగా లేడు. వెనక ఎవరివో బూట్లు కనబడుతున్నాయి. ఒక చెయ్యి పెట్టె మీదికి వస్తోంది."

ఒర్ఫెలిండా వంగి, పెట్టె ముక్కల కిందినుంచి శాలువాను మెల్లగా లాగి భుజాన వేసుకుంది. గోడకు వేలాడుతున్న తన కొరడా అందుకుంది.

"లేవండి," అంది. "అతను దొంగే. శిక్ష ఈ సభ వేస్తుంది, పడతాడు. ఆ శిక్ష పడడానికి నాకు బతికున్న దొంగ కావాలి."

అందరికంటే ముందు సాంతోస్ ఆమె పక్కకు వచ్చాడు. తలుపు తీసేసరికి కనుమ మీద మంచు లేదు. ఎండ పరిశుభ్రంగా ఉంది. వాళ్ళు గడప దాటుతుండగా వెనక పడమటి గోడ దగ్గర ఫోన్లు మూడోసారి కూశాయి, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి తెరా నల్లగా ఉంది.